గుండెపోటుకు తొలి ఇంజెక్షన్ ఇబ్రహీంపట్నంలోనే పడాలి

ఇబ్రహీంపట్నం, మంచాల, యాచారం మండలాల ప్రజలారా!

ఛాతీలో నొప్పి మొదలైతే మన ఊళ్లలో ముందు ఈనో, సోడా. తర్వాత ఆర్‌ఎంపీ దగ్గర గ్యాస్ ఇంజెక్షన్. చెమటలు పట్టి, ఎడమ చెయ్యి లాగుతుంటే అప్పుడు బండి వెతుకుతాం. ఆ తర్వాత వినబడే మాట ఒక్కటే: “సిటీకి తీసుకపోండి.”

సాగర్ రోడ్డు మీద సిటీ సుమారు 30 కిలోమీటర్లు. మంచాల, యాచారం పల్లెలకు ఇంకా దూరం. బీఎన్ రెడ్డి నగర్, ఎల్బీ నగర్ ట్రాఫిక్ దాటి ఉస్మానియాకో నిమ్స్‌కో చేరేదాకా, రక్తం అందని గుండె కండరం చచ్చిపోతూనే ఉంటుంది. చచ్చిన కండరం తిరిగి రాదు. ప్రాణం దక్కినా ఆ మనిషి మునుపటిలా పొలం పని చేయలేకపోవచ్చు.

దీనికి మందుంది. రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిందని ఈసీజీలో తేలితే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ ఆ గడ్డను కరిగిస్తుంది. రోగి వచ్చిన 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలి. 2 గంటల్లోపు స్టెంట్ వేసే చోటికి చేర్చలేమనుకుంటే, అరగంటలోపే ఈ ఇంజెక్షన్ పడాలి. ఇది అందరికీ వేసేది కాదు. గతంలో మెదడులో రక్తస్రావం అయినవాళ్లకు ప్రమాదం. అందుకే ఈసీజీని ఫోన్‌లో చూసి చెప్పే గుండె డాక్టర్ రాత్రిపగలు అందుబాటులో ఉండాలి. ఇక్కడ స్టెంట్ వేసే క్యాథ్ ల్యాబ్ కట్టమని మేం అడగడం లేదు. ఇంజెక్షన్ వేసి, పెద్దాసుపత్రికి ముందే కబురు చేసి, 108లో పంపమంటున్నాం.

ఇది కాని పనేం కాదు. ఆంధ్రప్రదేశ్ 2023 సెప్టెంబర్‌లో తిరుపతి, కర్నూలు, గుంటూరు, విశాఖ పెద్దాసుపత్రులకు చుట్టుపక్కల చిన్న ఆసుపత్రులను కలిపి, సుమారు 40 వేల రూపాయల ఖరీదైన ఈ ఇంజెక్షన్‌ను ఉచితంగా వేయడం మొదలుపెట్టింది. తమిళనాడు అదే ఏడాది నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ తొలి డోసు ఇప్పిస్తోంది. మన దగ్గర 2023 డిసెంబర్‌లో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలకు పెరిగింది. సంతోషమే. కానీ ఆ 10 లక్షలు ఆసుపత్రికి ప్రాణంతో చేరినవాళ్లకే. అత్యవసర వైద్యం మన హక్కు కూడా. పశ్చిమ బెంగాల్‌లో పడకలు లేవని ఆసుపత్రులు తిప్పి పంపిన కేసులో, ప్రభుత్వాసుపత్రి అత్యవసర వైద్యం అందించకపోతే జీవించే హక్కును కాలరాసినట్టేనని సుప్రీంకోర్టు 1996లోనే తేల్చింది.

ఈసీజీ తీసే మనిషి, ఇంజెక్షన్ స్టాక్ ఈ రోజు ఉన్నాయో లేవో ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రి బయట బోర్డు మీద రాయాలి. జిల్లా కలెక్టరేట్ ఇబ్రహీంపట్నం మండలంలోనే, కొంగరకలాన్‌లో ఉంది. మీ గ్రామసభలో ఇదే కోరుతూ తీర్మానం చేయించండి. ఆ కాగితం పట్టుకొని సోమవారం అక్కడి ప్రజావాణికి రండి. ఈలోగా ఎవరికి ఛాతీ నొప్పి వచ్చినా గ్యాస్ అనుకొని ఆగకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి.