పూడిక తీసే ముందు బాట చూడండి

ప్రకృతి వ్యవసాయం చేసే మనం మట్టిని కంటికి రెప్పలా చూసుకుంటాం. ఆచ్ఛాదన కప్పుతాం, గట్లు వేస్తాం, వాలుకు అడ్డంగా దున్నుతాం. కానీ ఆ చేనుకు పోయే మట్టిబాటను ఎవరూ పట్టించుకోరు. పాకాల, ఏటూరునాగారం అడవుల అంచు ఊళ్లలో వానకాలం వస్తే ఆ బాటే వాగవుతుంది. నా మాట ఒక్కటే: పూడిక తీయడం మీద పెట్టే శ్రద్ధలో కొంత ఈ బాటల మీద పెట్టాలి.

పాకాల చెరువు కాకతీయుల నాటిది. ఎనిమిది వందల ఏళ్లుగా నీళ్లిస్తోంది. 2015లో మిషన్ కాకతీయ మొదలైనంక ఊరూరా చెరువు మట్టిని ట్రాక్టర్లతో చేలకు తోలుకున్నాం. మంచి పనే. మరి ఆ మట్టి చెరువులోకి ఎక్కడి నుంచి వచ్చింది? పైనున్న చేల నుంచి, బోడి నేలల నుంచి, బాటల నుంచే కదా!

అడవిలో ఆకుపొర కింద వాన ఇంకుతుంది. బాట మీద టైర్లకు నేల గట్టిపడి నీళ్లు దిగవు, గాడుల్లో చేరి ఉరుకుతాయి. నీటి వేగం రెండింతలైతే నేలను కోసే బలం నాలుగింతలవుతుంది. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులోనే దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. అలాంటి వానలు మళ్లీ రావని ఎవరు చెప్పగలరు?

ఏటా మొరం పోస్తే సరిపోదు. నీటిని పక్కకు మళ్లించకపోతే ఆ మొరమూ వాగుపాలే. వీడియోలో చూపించిన పని ఇదే:

- ముందు గాడులు పూడ్చాలి. బాటను ఒక పక్కకు వాలుగా చేయాలి. పది అడుగుల వెడల్పుకు నాలుగైదు అంగుళాల వాలు చాలు.
- బాటకు ఏటవాలుగా, బండి దాటేటంత తక్కువ ఎత్తులో మట్టికట్ట వేయాలి. ఏటవాలు ఎక్కువున్న చోట 25 మీటర్లకొకటి, తక్కువున్న చోట 40 మీటర్లకొకటి ఉంటే మేలు.
- మళ్లించిన నీళ్లు పడే చోట రాళ్లు పేర్చాలి. నీళ్లను నేరుగా వాగులోకి వదలొద్దు, చెట్ల కింద ఆకుల్లోకి వదలాలి.
- నేల బురదగా ఉన్నప్పుడు ట్రాక్టర్ తిప్పొద్దు.

అడవి హద్దులో పార పట్టే ముందు అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. ఊరి బాటలైతే ఉపాధి హామీ పనుల్లో పెట్టమని గ్రామసభలో అడగండి. "అది సర్కారు పని" అని కూర్చుంటే కొట్టుకుపోయేది మన మట్టే. రోహిణి కార్తె దాటకముందే పది మంది కలిసి ఒక్కరోజు పని చేయండి. మొదటి పెద్దవానకు బాట మీదికి పోయి, నీళ్లు ఎటు మళ్లుతున్నాయో చూసుకోండి.