అతిశీతలంలోనూ ఆగని చర్య

ఉష్ణోగ్రత తగ్గితే రసాయన చర్య మందగిస్తుందని ఇంటర్మీడియట్ విద్యార్థి సైతం చెప్పగలడు. 1889లో ఆర్హీనియస్ ప్రతిపాదించిన సూత్రం బోధించేది అదే. అణువులు ఢీకొన్నంత మాత్రాన చర్య జరగదు. ఉత్తేజన శక్తి అనే గట్టును దాటగలిగిన అణువులే చర్యలో పాల్గొంటాయి. ఈ సూత్రం సత్యమే. కాని దానిని హద్దులు లేని సత్యంగా బోధించడం ఉచితం కాదని మా అభిప్రాయం.

2010లో అమెరికాలోని బౌల్డర్ నగరంలో డెబొరా జిన్, జున్ యే నాయకత్వం వహించిన బృందాలు పొటాషియం–రుబీడియం అణువులను కెల్విన్‌లో పది లక్షలవ వంతుకంటె తక్కువ ఉష్ణోగ్రతకు చల్లబరచి పరిశీలించాయి. అక్కడ చర్య ఆగలేదు. రెండేసి అణువులు కలిసి, పొటాషియం జంటగాను రుబీడియం జంటగాను మారిపోయాయి. ఈ చర్యకు దాటవలసిన ఉత్తేజన శక్తి గట్టు లేదు. పైగా అంతటి శైత్యంలో అణువు చిన్న గోళీవలె ప్రవర్తించదు. దాని తరంగదైర్ఘ్యం అణువు పరిమాణానికి వందల రెట్లు విస్తరిస్తుంది.

అంతకంటె ఆశ్చర్యకరమైన విశేషం మరొకటి కలదు. అణువులన్నీ ఒకే క్వాంటం స్థితిలో ఉన్నప్పుడు చర్య మందంగా సాగింది. కేంద్రక స్పిన్ మాత్రమే వేరైన రెండు రకాలను కలిపినప్పుడు అది పది నుండి వంద రెట్లు వేగవంతమయింది. ఈ అణువులు ఫెర్మియాన్‌లు. సర్వవిధాల ఏకరూపమైన రెండు ఫెర్మియాన్‌లు ఒకదానినొకటి సమీపించడానికి క్వాంటం నియమమే అడ్డుగోడ. ఆ స్వల్ప భేదం కలగగానే గోడ తొలగిపోయింది.

దీనివల్ల ప్రయోజనమేమని అడిగేవారున్నారు. మామూలు ఉష్ణోగ్రతలో అసంఖ్యాకమైన స్థితుల సగటు మాత్రమే మనకు కనిపిస్తుంది. అతిశీతలంలో ఒక్కొక్క స్థితిని ఎంచుకొని, చర్య ఎందుకు జరుగుతున్నదో విడమరచి చూడవచ్చును. రసాయనశాస్త్రానికి ఇంతకంటె మౌలికమైన ప్రశ్న ఏమున్నది?

ఏకరూప కణాలను లెక్కించే పద్ధతి వేరుగా ఉండాలన్న భావానికి మన దేశీయుని కృషి మూలాధారం. ఢాకా విశ్వవిద్యాలయ అధ్యాపకులైన సత్యేంద్రనాథ్ బోస్ ప్లాంక్ నియమానికి అప్పటి నిరూపణలతో తృప్తిచెందక, 1924లో కొత్త నిరూపణను రచించి ఐన్‌స్టీన్‌కు పంపారు. ఆయన పాఠాన్ని కాదనలేదు. దాని ఆధారాన్ని ప్రశ్నించారు.

కనుక అధ్యాపకులకు మా విన్నపం ఒక్కటే: సూత్రంతోపాటు దాని హద్దునూ చెప్పండి. విద్యార్థులకు మా సూచన: పరీక్షకు సమాధానం వ్రాసిన తరువాత, అది ఎంతవరకు నిజమో కూడా విచారించండి. విజ్ఞానం ముందడుగు వేసేది అక్కడినుండే.