నిద్రపుచ్చే అడవి ఎక్కడుంది?

వానచినుకులు, కప్పల బెకబెకలు, ఏటి గలగలలు. వాటిమీద బాలి ద్వీపపు కంచు వాద్యాల మంద్రనాదం. నిద్ర పట్టనివారికోసం, ధ్యానం చేసేవారికోసం ఎనిమిదేసి గంటల నిడివితో ఇటువంటి సంగీతం యూట్యూబులో కుప్పలుతెప్పలుగా దొరుకుతోంది. వినేవారితో నాకు పేచీ లేదు. నిద్ర ఎవరికైనా అవసరమే. నా పేచీ అంతా "మన కోయల డోలునూ, మన గోదావరి హోరునూ ఇదే పద్ధతిలో కలిపి పెడితే లోకమంతా వింటుంది, కళ బతుకుతుంది" అంటున్న మిత్రులతోనే. బూర్గంపాడులో ఉంటూ ఈ మాటకు ఊరుకోవడం నావల్ల కాదు.

ముందు బాలి సంగతే చూద్దాం. గామెలాన్ అనే ఆ వాద్యబృందానిది స్వభావతః జోలపాట కాదు. 1915 ప్రాంతంలో ఉత్తర బాలిలో పుట్టిన కెబ్యార్ శైలి పిడుగు పడ్డట్టు మొదలవుతుంది. శవయాత్రల్లో దుష్టశక్తులను తరమడానికి వాయించే బెలెగంజూర్ వింటూ కునుకు తీయగలవారు ధన్యులు! అక్కడి కంచు వాద్యాలను జంటలుగా, ఒకదాని శ్రుతికీ మరొకదాని శ్రుతికీ కావాలనే కొద్దిపాటి తేడా ఉంచి తయారుచేస్తారు. రెండూ కలిసి మోగినప్పుడు నాదం అలలా కదులుతుంది. దానిని వారు ఓంబాక్ అంటారు. ఆ మాటకు అర్థమే అల. జంటలో ఒకదానిని తీసివేస్తే అల ఉండదు. ఒంటరిగా కూర్చుని వాయించుకునే సంగీతం కాదది, వాయించేది సంఘం. నాలుగువైపులా తెరిచి ఉన్న మండపంలో వాయిస్తుంటే కోళ్ళూ, కప్పలూ, పిల్లల కేకలూ ఎలాగూ వినబడుతూనే ఉంటాయి. కప్ప గొంతును అనుకరించడానికి వారికి గెంగ్‌గోంగ్ అనే నోటివాద్యం కూడా ఉంది. అంటే ప్రకృతి ఆ సంగీతంలో మొదటినుంచీ ఉన్నదే. మరి స్టూడియో చేసే పని ఏమిటి? ముందు ఆ ఊరిని కోసి పారవేయడం, ఆపైన ఎక్కడివో కప్పలను తెచ్చి అతికించడం. దానికి పెట్టే పేరు "సహజం"!

1978లో బ్రయన్ ఈనో విమానాశ్రయాలకోసం ఒక ఆల్బం చేస్తూ, ఇటువంటి సంగీతం వింటే ఆసక్తికరంగా ఉండాలనీ, వినకపోయినా పరవాలేనిదిగా ఉండాలనీ అభిప్రాయపడ్డాడు. తన స్వరాలతో తాను చేసుకున్నది ఆయన ఇష్టం. మరొకరి వేల్పుల పిలుపును "వినకపోయినా పరవాలేనిది"గా మార్చే హక్కు మాత్రం అందులోంచి ఎవరికీ రాదు.

ఇక మన విషయం. కోయలలో డోలీలు చెప్పే కథకు ఎదుట వినేవారు ఉంటారు. ఏ గట్టువారి వేల్పుకు ఆ కథ ఉంటుంది, పడిగె గుడ్డమీద బొమ్మలు ఉంటాయి. ఈ గట్టువారికి చెప్పవలసిన కథను ఆ గట్టువారికి చెప్పరు. అటువంటిదానిని ఊరూ పేరూ తెలియని శ్రోత దిండుకింద పెట్టడం ప్రచారం ఎలా అవుతుంది? కొమ్మునృత్యం చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. అడవిదున్న కొమ్ములు తలకు కట్టుకుని, డోలు మెడలో వేసుకుని, దున్నలు ఢీకొన్నట్టే తలపడతారు. అక్కడ అడవి నేపథ్యంలో లేదు, మనిషి ఒంట్లో ఉంది.

గోదావరి హోరు అంటారా? 2022 జులై 16న భద్రాచలం దగ్గర నది 71.3 అడుగులకు చేరింది. బూర్గంపాడు నీళ్ళలో చిక్కింది. ఆ రాత్రుల హోరు విన్నవారికి దానిని ప్రశాంతతకోసం వినమని చెప్పి చూడండి. కిన్నెరసాని పాటలు కట్టిన విశ్వనాథకు సైతం ఆ వాగులో వినబడింది ఒక స్త్రీ దుఃఖమే గాని సేదతీర్చే గలగల కాదు. (సారపాక కాగితపు మిల్లు మోతా, మణుగూరు బొగ్గులారీల రొదా కూడా మా ధ్వనులే. వాటిని మాత్రం ఏ ప్రకృతిప్రేమికుడూ కలపడు.)

"అయితే ముట్టుకోకుండా అలాగే వదిలేయాలా?" అని అడుగుతారు. ఆ ఛాందసం నాది కాదు. మణుగూరు మండలం కూనవరం డోలికళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ప్రకటించారు. సమ్మక్క సారలమ్మల కథ ఆయన నోటివెంట వచ్చేది. 2024 జూన్‌లో ఆయన పోయారు. అటువంటి గొంతులను రికార్డు చేయవలసిందే, అదీ వెంటనే. కాని ఏది రికార్డు చేయాలన్నదే తగాదా. డోలు చప్పుడు మూడు నిమిషాలు కత్తిరించి, దానినే తిప్పితిప్పి ఎనిమిది గంటలు సాగదీయగలిగినవారు, ఆ ఎనిమిది గంటలూ డోలికథకే ఇవ్వవచ్చు కదా! తెల్లవార్లూ చెప్పే కథను తెల్లవార్లూ వినడానికి మనకు ఓపిక లేదు. వానశబ్దానికి మాత్రం సర్వర్లలో చోటు ఉంది.

కనుక మైకు పట్టుకుని మావైపు రాదలచిన మిత్రులకు నా షరతులు ఇవి. కథ మొదటినుంచి చివరిదాకా ఉండాలి. కోయభాష తెలిసినవారు పక్కన ఉండాలి. ఏ కథ బయటికి వెళ్ళవచ్చో, ఏది వెళ్ళరాదో ఆ గట్టువారే చెప్పాలి. గాయకుడి పేరు, ఊరు, వాద్యం పేరు ముందు రావాలి, మీ పేరు తరువాత. డబ్బు రికార్డింగు నాడే ఇవ్వాలి, ఆపైన వచ్చే రాబడిలో వాటా కాగితంమీద రాయాలి. మధ్యలో కోడి కూసినా, లారీ హారన్ మోగినా తీసివేయవద్దు. వానశబ్దం మీ హార్డ్‌డిస్కులో ఉంటే దానిని అక్కడే ఉంచి రండి.