వేలు పడలేదా, వైరు పడలేదా?

పోయిన నెల ఇన్వర్టర్ బ్యాటరీకి నీళ్లు ఎప్పుడు పోయాలో రాసినాను. ఈ నెల సీలింగ్ ఫ్యాన్ కండెన్సర్ గురించి రాద్దామని కూర్చున్నాను. అంతలో మా వీధి మామ వచ్చి రెండు చేతులూ నా ముందర చాపినాడు. "అల్లుడా, ఈ చేతులకు ఏమైందో చూడప్పా. మిషను నా వేళ్లు ఒప్పుకోదంట" అన్నాడు. ఫ్యాను సంగతి వచ్చే నెల చూద్దాం.

మామ రైసు మిల్లులో ఇరవై రెండేళ్లు ఉప్పుడు బియ్యం బాయిలరు దగ్గర పని చేసి దిగినాడు. పీఎఫ్ పింఛను వస్తుంది, వెయ్యి చిల్లర. అది ఆగకుండా పడాలంటే ఏడాదికొకసారి బతికి ఉన్నట్టు జీవన్ ప్రమాణ్ ఇవ్వాల. 2014 నవంబరులో వచ్చిన పద్ధతి ఇది. ఆధార్ నంబరు చెప్పి, వేలిముద్ర వేస్తే కాగితం పని లేకుండా పోతుంది. మామ మూడు రోజులు వరుసగా సేవా కేంద్రానికి పోయినాడు. మూడు రోజులూ ఒకటే మాట: "వేలు పడటం లేదు తాతా, నాళె బన్ని." అత్త రాత్రిపూట ఆ చేతులకు కొబ్బరినూనె రాసి, పొద్దున నిమ్మకాయతో రుద్ది పంపిందట. మామకు సిగ్గు. "ఊకపొయ్యిలో చేతులు పెట్టి పెట్టి వేళ్లే అరిగిపోయినాయి, ఎవరిని ఏమంటాం" అని తనను తానే తిట్టుకుంటున్నాడు.

నాలుగో రోజు నేనూ వెంట పోయినాను. కోతల కాలం, మిల్లుల్లో రాత్రింబగళ్లు పని. కేంద్రం ముందర అప్పటికే పదిహేను మంది ఉన్నారు. అబ్బాయి మంచివాడే, ఒక్కడే అన్నీ చూసుకోవాల. మా వంతు వచ్చింది. మామ బొటనవేలు పెట్టినాడు. తెర మీద ఎర్ర అక్షరాల్లో ఏదో వచ్చింది. అబ్బాయి చదవకుండానే "పడలేదు" అన్నాడు. నేను వంగి చదివినాను. "డివైస్ నాట్ ఫౌండ్" అని ఉంది. అంటే యంత్రమే కనబడలేదని! మామ వేలు బాగుందో అరిగిందో చెప్పడానికి ఆ కంప్యూటరు వేలు దాకా పోనేలేదు. మూడు రోజుల తిట్లు ఊరికే తిన్నాయి ఆ వేళ్లు.

ఈ రెండు జబ్బులూ వేరు. కంప్యూటరు యంత్రాన్ని గుర్తుపట్టకపోవడం ఒకటి, యంత్రం మనిషిని గుర్తుపట్టకపోవడం ఇంకొకటి. మొదటిదానికి మీరు ఎన్నిసార్లు చెయ్యి కడుక్కున్నా లాభం లేదు.

అబ్బాయి అన్నాడు, "అన్నా, లైటు వెలుగుతా ఉండాది కదా, మిషను బాగానే ఉంది." అక్కడే చాలామంది పొరపాటు పడతారు. యూఎస్‌బీ వైరును కోసి చూస్తే మామూలుగా లోపల నాలుగు సన్న తీగలు ఉంటాయి. ఎరుపు, నలుపు కరెంటుకు, అది 5 వోల్టులు. తెలుపు, ఆకుపచ్చ మాటలకు. ఎరుపూ నలుపూ బాగుంటే లైటు వెలుగుతుంది. తెలుపో ఆకుపచ్చో తెగితే ఇంట్లో దీపం ఉంది గానీ తలుపు కొడితే పలికేవాళ్లు లేనట్టు. యంత్రాన్ని తగిలించగానే కంప్యూటరు "నువ్వెవరు, ఏ కంపెనీ, ఏ పని చేస్తావు" అని అడుగుతుంది. జవాబు వస్తేనే పేరు రాసుకుంటుంది. రాకపోతే గుర్తు తెలియని వస్తువు అంటుంది, లేదంటే అసలు ఏమీ తగలనట్టే ఊరుకుంటుంది. సంతలో అగ్గువకు దొరికే కొన్ని ఛార్జింగు వైర్లలో ఆ మాటల తీగలు ముందే ఉండవు. ఫోను ఛార్జ్ అవుతుంది, ఫొటోలు మాత్రం కంప్యూటరుకు ఎక్కవు. మీ పిల్లలు ఫోను పాడైందంటే ముందు వైరు మార్చి చూడండి.

ఇక్కడ కంప్యూటరు డబ్బా బల్ల కింద ఉంది, యంత్రం కిటికీ దగ్గర. మధ్యలో పొడుగు ఎక్స్‌టెన్షన్ వైరు. అది కుర్చీ కాలి కింద నలిగి చప్పిడి అయిపోయింది. నేను చేసింది ఒక్కటే. ఎక్స్‌టెన్షన్ తీసేసి, యంత్రం సొంత వైరును డబ్బా వెనక వైపు యూఎస్‌బీలో నేరుగా పెట్టించినాను. "టిణ్" అని చప్పుడు వచ్చింది. మూడు రోజులుగా ఆ చప్పుడు రాలేదని అప్పుడు అబ్బాయికి గుర్తొచ్చింది.

వెనక వైపే ఎందుకంటే, అవి మదర్‌బోర్డుకే అతికి ఉంటాయి. ముందు వైపువి లోపల ఇంకో వైరు మీదుగా వస్తాయి. మన సిరుగుప్పలో పైగా మిల్లు ధూళి. ఊక నలుసు, తవుడు పొడి దూరని బొక్క ఉండదు. ఇంకో మాట, మిల్లు అలవాటు కొద్దీ కంప్రెసర్ గాలి కొట్టేరు! ఆ గాలిలో నీటి చెమ్మ, ఆయిలు ఉంటాయి. మెయిన్ ఆపేసి, పొడి మెత్తని బ్రష్షుతో తుడిస్తే చాలు.

వైరు మార్చినా గుర్తుపట్టకపోతే ఏం చెయ్యాలని అబ్బాయి అడిగినాడు. మన పిల్లలు చాలామంది ఇలాంటి కౌంటర్లలోనే పని చేస్తున్నారు కాబట్టి ఇక్కడా చెబుతాను. ముందు అదే యంత్రాన్ని పక్క కంప్యూటరుకు పెట్టి చూడాల. అక్కడ పలికితే యంత్రానికి దోషం లేదు, కొత్తది కొనమని ఎవరన్నా చెబితే వినొద్దు. తర్వాత కంప్యూటరును రీస్టార్ట్ చెయ్యాల. షట్‌డౌన్ చేసి మళ్లీ వేస్తే చాలదు. ఇప్పటి విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఉంటే షట్‌డౌన్ చేసినప్పుడు లోపలి జ్ఞాపకం కొంత దాచిపెట్టుకుంటుంది, పాత చిక్కు పొద్దునకూ అలాగే ఉంటుంది. రీస్టార్ట్ అయితే కడిగి మొదలుపెడుతుంది. దానికీ లొంగకపోతే స్టార్ట్ గుర్తు మీద మౌసు కుడి మీట నొక్కి డివైస్ మేనేజర్ తెరవండి. పసుపు రంగు మూడు మూలల గుర్తు ఉన్న పేరు మీద అన్‌ఇన్‌స్టాల్ నొక్కి, యంత్రం ఊడదీసి, రీస్టార్ట్ అయ్యాక మళ్లీ పెట్టండి. డ్రైవరును కంపెనీ సొంత సైటు నుంచే ఎక్కించండి, ఎక్కడ పడితే అక్కడ దొరికేది వద్దు. ఆధార్ పని చేసే కంప్యూటరు అది.

పొద్దున బాగా నడిచి, టీ తాగి వచ్చేసరికి మాయమయ్యే యంత్రాలు ఉంటాయి. కరెంటు ఆదా చెయ్యాలని కంప్యూటరే దాన్ని నిద్రపుచ్చుతుంది. డివైస్ మేనేజర్‌లోనే యూఎస్‌బీ రూట్ హబ్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్‌లో ఆ టిక్కు తీసేస్తే సరి. ఇంకోటి, యంత్రం పేరు చక్కగా కనబడుతున్నా పని జరగకపోవచ్చు. ఆధార్‌కు వాడే వేలిముద్ర యంత్రాలకు ఆర్‌డీ సర్వీసు అని ఒక సాఫ్ట్‌వేరు నడుస్తూ ఉండాల, చాలావాటికి దాని చందా గడువు తీరుతుంటుంది. అప్పుడు వైరునూ వేలినీ అనుకోకుండా చందా చూసుకోవాల.

ఈ యూఎస్‌బీని తయారుచేసిన ఇంటెల్ బృందంలో ముఖ్యుడు మన దేశంవాడే, గుజరాత్ వడోదరలో చదువుకున్న అజయ్ భట్. 1996లో మొదటి రూపం వచ్చింది. అంతకుముందు ప్రింటరుకో రకం బొక్క, మౌసుకో రకం, కీబోర్డుకో రకం. పిన్ను ఎప్పుడూ తిరగేసి పెట్టి తిట్టుకుంటాం కదా, రెండు వైపులా పట్టేలా చేస్తే ఖర్చు పెరుగుతుందని అలా వదిలేశామని ఆయనే ఒప్పుకున్నాడు. బలవంతంగా నెట్టకండి, తిప్పి పెట్టండి. మా ఇంట్లో ఒక పోర్టు నా తొందరకే విరిగింది.

మామ దగ్గరకు వస్తాను. యంత్రం పలికింది. మామ బొటనవేలు పెట్టినాడు. పడలేదు! ఈసారి నిజంగానే పడలేదు, తెర మీద మాట కూడా వేరే వచ్చింది. మామ ముఖం వాడిపోయింది. ఆయన చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. బాయిలరు దగ్గర పారపట్టిన చేతులు, బస్తాలు మోసే హమాలీల చేతులు, గీతలు అరిగి ఉంటాయి. అయితే పది వేళ్లూ ఒకేలా అరగవు. పార పట్టేటప్పుడు కుడి చెయ్యి ఎక్కువ నలుగుతుంది. ఎడమ ఉంగరపు వేలు పెట్టమన్నాను. గాజు మీద నూనె మరక ఉంటే తుడిపించినాను, అత్త రాసిన కొబ్బరినూనే అది. వేలు పొడిగా తుడిచి, మెల్లగా ఆనించినాడు. రెండోసారికి పడింది.

ఏ వేలూ పడకపోతే పింఛను పోయినట్టే అనుకోవద్దు. 2021 నవంబరు నుంచి ముఖం చూపించి జీవన్ ప్రమాణ్ ఇచ్చే ఏర్పాటు ఉంది, మన పీఎఫ్ పింఛనుదారులకూ 2022లో వచ్చింది. మంచి కెమెరా ఉన్న ఆండ్రాయిడ్ ఫోను చాలు. ఆధార్ ఫేస్ ఆర్‌డీ, జీవన్ ప్రమాణ్ అనే రెండు యాప్‌లు ఎక్కించుకోవాల. ఇంట్లో మనవడు చేసిపెట్టవచ్చు. నడవలేనివాళ్లు పోస్టుమ్యాన్‌ను అడిగితే ఇంటికే వచ్చి చేస్తాడు.

ఇంకొక సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు. పీఎఫ్ పింఛనుకు నవంబరులోనే ఇవ్వాలని లేదు. ఏ నెలలోనైనా ఇవ్వవచ్చు, ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది. అందరూ నిలబడే వరుసలో, కోతల రోజుల్లో నిలబడే కర్మ మనకెందుకు? గడువు దాటితే పింఛను ఆగుతుంది. తర్వాత ఇస్తే బాకీ కలిపి పడుతుంది గానీ, ఆ మధ్యన మందుల అంగడివాడు ఆగడు కదా. మామ గడువుకు ఇంకా ఆరు రోజులుంది.

కౌంటర్ దగ్గర "వేలు పడలేదు" అంటే, తెర మీద ఏమి రాసి వచ్చిందో చదివి చెప్పమని అడగండి. కోపంగా కాదు, మామూలుగానే. "డివైస్" అనే మాట ఉంటే అది యంత్రం గొడవ, మీది కాదు.

మేము బయటికి వస్తుండగా మామ ఫోనుకు మెసేజ్ వచ్చింది. ప్రమాణ్ నంబరు. అద్దాలు ఇంట్లో మర్చిపోయి వచ్చినాడు, నన్ను రెండుసార్లు చదివించుకున్నాడు. వెనక అబ్బాయి ఆ పాత ఎక్స్‌టెన్షన్ వైరును చుట్టి మళ్లీ సొరుగులోనే పెడుతుంటే, కోసి పారెయ్యమని కేక వేసి వచ్చినాను.