ఓడెక్కే ముందు ఒక్కమాట వినండి

నవంబరు నుంచి మార్చి దాకా అంటార్కిటికాకు ఓడలు నడిచే కాలం. టిక్కెట్లు కొనుక్కున్నవాళ్లూ, అమ్మానాన్నలకు కానుకగా కొనిపెట్టాలని చూస్తున్న పిల్లలూ కాస్త ఆలకించండి. వెళ్లొద్దని అనడం లేదు. ఆపదొస్తే ఎవరో ఒకరు వచ్చేస్తారన్న ధీమా మాత్రం పెట్టుకోకండి.

వెనకటివాళ్లకు ఆ ధీమా లేదు. 1909లో అన్వేషకుడు షాకిల్టన్ దక్షిణ ధ్రువానికి ఇంకా 180 కిలోమీటర్లు ఉందనగా, తిండి చాలదని తేలి వెనక్కి తిరిగాడు. వెంట ఉన్న ముగ్గురూ బతికి బయటపడ్డారు. 1915లో అతని ఓడ ఎండ్యూరెన్స్‌ను మంచు నలిపేసింది. ఆ తర్వాత ఎలిఫెంట్ దీవిలో చిక్కుకున్న తన మనుషులు 22 మందిని చేరడానికి అతను మూడుసార్లు బయల్దేరి, మూడుసార్లూ వెనక్కి రావాల్సి వచ్చింది. నాలుగోసారికి గానీ కుదరలేదు.

ఇప్పుడు శాటిలైట్ ఫోనుంది కదా అంటారు. 2016లో ఒంటరిగా ఆ ఖండం దాటబోయిన హెన్రీ వర్స్‌లీ దగ్గరా ఉంది. ఫోన్ చేశాడు, విమానం వచ్చింది, చిలీలో ఆస్పత్రికి చేర్చారు. కడుపులో ఇన్ఫెక్షన్ అప్పటికే ముదిరింది. దక్కలేదు.

2007లో ఎక్స్‌ప్లోరర్ అనే పర్యాటక ఓడ మునిగింది. 154 మందీ క్షేమమే. దగ్గర్లో మరో ఓడ ఉండటం వాళ్ల అదృష్టం. అన్నిసార్లూ అలా కలిసిరాదు. 2022 నవంబరులో ఒక ఓడపై పెద్ద అల విరుచుకుపడి, కిటికీ అద్దాలు పగిలి ఒక ప్రయాణికురాలు పోయింది. అదే నెల ఆ ఎలిఫెంట్ దీవి దగ్గరే రబ్బరు పడవ తిరగబడి ఇద్దరు పోయారు.

నా భయం అలల గురించి కన్నా ఓడవాళ్లు నింపమనే ఆరోగ్య ఫారం గురించి ఎక్కువ. నాన్నకు స్టెంటు వేశారని రాస్తే రానివ్వరేమోనని దాచకండి, బాబూ. ఓడలో డాక్టరు ఉంటారు గానీ పెద్దాస్పత్రి ఉండదు. దక్షిణ అమెరికాకూ అంటార్కిటికాకూ నడుమనున్న డ్రేక్ జలసంధి దాటి వెనక్కి రావాలంటే దాదాపు రెండు రోజులు. విమానం దిగాలంటే పొగమంచు విడవాలి. షుగరున్నవాళ్లు వాంతులై తిండి మానేసి, మందు మాత్రం వేసుకుంటే షుగరు పడిపోతుంది. ఇన్సులిన్ గడ్డకట్టనివ్వకండి, లోపలి జేబులో పెట్టుకోండి.

వణుకు ఆగిపోయి మనిషి మత్తుగా అయినా, మాట తడబడినా వెంటనే డాక్టరును పిలవండి. వేళ్లు తెల్లబడి మొద్దుబారితే రుద్దకండి. మబ్బు పట్టినా నల్లద్దాలు తీయకండి. మంచు వెలుగుకు కళ్లు దెబ్బతింటే ఇసుక పోసినట్టు మండుతాయి. ఓడ ఊగుతున్నప్పుడు ఒక చెయ్యి ఎప్పుడూ కమ్మీ మీదే ఉండాలి. ఫోటో తర్వాత.

2024లో బర్డ్ ఫ్లూ అక్కడికీ చేరింది. బూట్లు కడిగించుకోమంటే విసుక్కోకండి. పెంగ్విన్లకు కనీసం 5 మీటర్ల ఎడం పాటించండి. చచ్చిన పక్షి కనిపిస్తే దాని జోలికి పోకుండా గైడుకు చెప్పండి.

ఒడ్డుకు దించడం లేదని కెప్టెన్ అంటే, ఇంత డబ్బు పోశామే అని దయచేసి వాదనకు దిగకండి. అత్యవసరంగా తరలించే ఖర్చు కూడా కలిసిన బీమా తీసుకున్నారో లేదో ఈ రాత్రే చూసుకోండి.