సింక్ అయిన ఫైలు భద్రంగా ఉన్నట్టేనా?

1998లో అమెరికాలోని పిక్సార్ స్టూడియోలో ‘టాయ్ స్టోరీ 2’ యానిమేషన్ చిత్రం తయారవుతోంది. ఎవరో పొరపాటున ఇచ్చిన ఒక డిలీట్ ఆదేశంతో సినిమా ఫైళ్లు కళ్లముందే ఒక్కొక్కటిగా మాయమవడం మొదలైంది. బ్యాకప్ ఉంది కదా అని చూస్తే, అది కొంతకాలంగా సరిగా పనిచేయడమే లేదు. చివరికి సినిమాను కాపాడింది గాలిన్ సుస్మన్ అనే సాంకేతిక పర్యవేక్షకురాలి ఇంట్లోని కంప్యూటర్. చంటిబిడ్డ తల్లి కావడంతో ఆమె ఇంటి నుంచి కూడా పనిచేసేవారు. అందుకోసం స్టూడియో ఫైళ్ల నకలు ఒకటి ఆమె ఇంట్లో ఉండేది.

ముఖ్యమైన ఫైళ్లను రెండు చోట్ల ఉంచుకోవాలని చెప్పడానికి చాలామంది ఈ సంఘటనను ఉదహరిస్తారు. అందులో ఇంకో సంగతి కూడా ఉంది. ఆ ఇంటి నకలు తాజాది కాదు. ఇవాళ్టి సింక్ సాఫ్ట్‌వేర్ మాదిరిగా అది క్షణక్షణం స్టూడియోతో సరిచూసుకుంటూ ఉండి ఉంటే, అక్కడ పోయిన ప్రతి ఫైలూ ఇంట్లోనూ పోయేది. వెనకబడి ఉండటమే దాన్ని కాపాడింది.

ఇప్పుడు పరిస్థితి వేరు. ప్రయోగశాలలో ఒక కంప్యూటర్, హాస్టల్లో ల్యాప్‌టాప్, చేతిలో ఫోను ఉన్న పరిశోధక విద్యార్థికి ఫైళ్లు వాటంతట అవే అన్నిచోట్లా ప్రత్యక్షమవుతాయి. పక్కన ఆకుపచ్చ టిక్ కనిపిస్తుంది. అది కనిపిస్తే పని భద్రమని నమ్మకం. ఆ టిక్ నిజానికి చెప్పేది అన్నిచోట్లా ఒకే రకంగా ఉందని మాత్రమే. అన్నిచోట్లా ఉన్నది సరైనదేనా అన్నది దానికి తెలియదు. విశ్వవిద్యాలయాలు, ఆఫీసులు ఈ తేడాను పట్టించుకోకుండా సింక్‌నే బ్యాకప్‌గా లెక్కవేసుకోవడం ప్రమాదకరం.

సింక్ వెనక ఉన్న విజ్ఞానం తక్కువదేమీ కాదు. 1996లో ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీకి చెందిన ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మాకెరాస్ ఆర్‌సింక్ అనే ప్రోగ్రామ్‌ను విడుదల చేశారు. నెట్ వేగం బాగా తక్కువగా ఉన్న రోజులవి. పెద్ద ఫైలులో ఒక్క వాక్యం మారితే మొత్తం ఫైలును మళ్లీ పంపడం ఎందుకన్నది వారి ప్రశ్న. మారిన భాగం ఏదో తెలియాలంటే రెండు ఫైళ్లనూ పక్కపక్కన పెట్టి చూడాలి. కానీ అవి ఉన్నవి రెండు వేర్వేరు ఊళ్లలో.

వారు కనిపెట్టిన ఉపాయం ఇది. పాత ఫైలు ఉన్న కంప్యూటర్ దాన్ని సమానమైన ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కకు వేలిముద్ర లాంటి ఒక చిన్న సంఖ్యను లెక్కగట్టి, ఆ సంఖ్యలను మాత్రమే అవతలికి పంపుతుంది. కొత్త ఫైలు ఉన్న కంప్యూటర్ తన ఫైలు మీద ఒక్కో బైటు చొప్పున జరుగుతూ, ఎక్కడైనా అదే వేలిముద్ర దొరుకుతుందేమో వెతుకుతుంది. దొరికిన ముక్కలు అవతల ఉన్నట్టే లెక్క. దొరకని భాగాలను మాత్రం పంపుతుంది. ఫైలు మొదట్లో ఒక పేరా చేర్చితే వెనకున్నదంతా ముందుకు జరుగుతుంది కదా, అయినా ముక్కలు దొరుకుతాయి. ఒక్క బైటు జరిగినప్పుడల్లా సంఖ్యను మొదటినుంచీ లెక్కించనక్కర్లేదు. బయటికి పోయిన బైటును తీసేసి, లోపలికి వచ్చినదాన్ని కలిపితే చాలు. అందుకే అది అంత వేగం.

మార్పులను పంపే సమస్య అలా చాలావరకు తీరింది. తీరనిది ఇంకొకటి ఉంది. రెండు చోట్లా మారితే ఎవరి మాట చెల్లాలి?

ఒక విద్యార్థిని నీటి నమూనాల కొలతల పట్టికను ప్రయోగశాలలో సరిదిద్దిందనుకుందాం. ఊరికి వెళ్లే రైల్లో నెట్ లేనప్పుడు, ల్యాప్‌టాప్‌లో ఇంకా పాతదిగానే ఉన్న అదే పట్టికలో కొత్త కొలతలు చేర్చింది. ఇంటికి చేరి నెట్ తగలగానే రెండు రూపాలూ ఎదురుపడతాయి. కొన్ని వ్యవస్థలు ఆఖరున రాసినదాన్ని ఉంచి రెండోదాన్ని పక్కకు నెట్టేస్తాయి. ఆఖరుది ఏదో తేల్చేది కంప్యూటర్ గడియారం. మదర్‌బోర్డు మీది బటన్ సెల్ అయిపోయిన పాత కంప్యూటర్ స్విచ్ వేయగానే ఎన్నో ఏళ్ల వెనకటి తేదీ చూపడం చాలా ప్రయోగశాలల్లో కనిపించేదే. అలాంటి గడియారం చేతిలో తీర్పు పెట్టడం ఏం న్యాయం? దూరదూరంగా ఉన్న కంప్యూటర్లలో ఏది ముందు, ఏది వెనక అని తేల్చడానికి గడియారాలను నమ్ముకోలేమని, ఒకదాని సందేశం ఇంకొకదానికి ఎప్పుడు అందిందన్నదే ఆధారమని లెస్లీ లాంపోర్ట్ 1978లోనే ఒక ప్రసిద్ధ పత్రంలో వివరించారు.

దీనికి మెరుగైన పద్ధతి కూడా ఉంది. ఏ కంప్యూటర్ ఎన్నిసార్లు మార్చిందో ఫైలుతో పాటు లెక్క ఉంచడం. ప్రయోగశాలలోని ప్రతిలో ‘ల్యాబ్ 5, ఇల్లు 3’ అని, ఇంటి ప్రతిలో ‘ల్యాబ్ 4, ఇల్లు 4’ అని ఉంటే, ఏదీ రెండోదానికంటే ముందుది కాదు. ఒకదానికి తెలియకుండా ఇంకొకటి మారిందన్నమాట. అప్పుడు యంత్రం నిజాయితీగా చేయగలిగింది రెండింటినీ ఉంచి మనిషిని అడగడమే. ఐఐటీ మద్రాసులో చదివి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన మహదేవ్ సత్యనారాయణన్ బృందం 1987లో మొదలుపెట్టిన కోడా ఫైల్ సిస్టమ్ కూడా ఈ దారినే నడిచింది. నెట్ లేనప్పుడు కూడా పని ఆగకూడదు, తిరిగి కలిశాక తనంతట తాను తేల్చలేని తగాదాను దాచకూడదు.

డిలీట్ సంగతి మరీ చిత్రం. ఒక ఫైలు ఇక్కడ ఉంది, అక్కడ లేదు. ఇక్కడ కొత్తగా పుట్టిందా, అక్కడ తీసేశారా? పాత స్థితి గుర్తులేనిదే ఎంత తెలివైన ప్రోగ్రామైనా చెప్పలేదు. అందుకే చాలా సింక్ వ్యవస్థలు తీసేసిన ఫైలుకు ఒక గుర్తు మిగిల్చి, ఆ గుర్తును అన్ని కంప్యూటర్లకూ చేరవేస్తాయి. ఇంట్లో పిల్లాడు ఆడుకుంటూ ఫోల్డరు తీసేసినా ఆ గుర్తు అంతే నమ్మకంగా ప్రయోగశాలకు చేరుతుంది. ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే రాన్సమ్‌వేర్ విషయంలోనూ అంతే. సింక్ దృష్టిలో తాళం వేసిన ఫైలు అంటే ‘తాజాగా మారిన ఫైలు’. 2017 మేలో వాన్నాక్రై ప్రపంచమంతా వ్యాపించినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి కాబట్టి ఇది ఎక్కడో దూరాన జరిగే సంగతి కాదు.

మామూలు మనిషిని ఇన్ని ప్రశ్నలు అడిగితే విసిగిపోతాడని సాఫ్ట్‌వేర్ తయారుచేసేవారు అంటారు. ఫొటోల విషయంలో ఆ వాదన నిజమే. తీసిన ఫొటోను తర్వాత దాదాపు ఎవరూ మార్చరు కనుక తగాదాకు తావులేదు. కొలతల పట్టిక, సిద్ధాంత గ్రంథం, జీతాల లెక్క అలాంటివి కావు. వాటిని రెండు చేతులు రెండు చోట్ల దిద్దుతాయి. రెండు రకాల ఫైళ్లకూ ఒకే మౌనం పాటించడమే తప్పు.

తీసేసిన ఫైళ్లను సేవాసంస్థలు కొన్నాళ్లు దాచిపెడతాయి, నిజమే. గూగుల్ డ్రైవ్ చెత్తబుట్టలో అవి 30 రోజులు ఉంటాయి. పీహెచ్‌డీకి పట్టేది నాలుగైదేళ్లు. రెండో ఏడాది కొలతలు మాయమయ్యాయని నాలుగో ఏట, అధ్యాయం రాసేటప్పుడు తెలిస్తే ఆ 30 రోజులు ఎందుకు పనికొస్తాయి?

కాబట్టి సింక్ సేవ కొనే ప్రతి విశ్వవిద్యాలయమూ పాత రూపాలు ఎంతకాలం ఉంటాయి, తగాదా వస్తే ఎవరికి తెలుస్తుంది అన్న రెండు ప్రశ్నలు ముందే అడగాలి. సింక్‌కు తోడుగా, దాన్ని అనుసరించని నకలు ఒకటి ఉండాలి. వారానికోసారి రాసి, కేబుల్ తీసి, వేరే భవనంలో బీరువాలో పెట్టిన హార్డ్‌డిస్క్ అయినా సరే. ఆ డిస్క్‌లోంచి అప్పుడప్పుడు ఒక పాత ఫైలును తెరిచి చూసే బాధ్యత ఎవరిదో కూడా రాసిపెట్టాలి. పిక్సార్‌లోనూ బ్యాకప్ ఉండేది. అది పనిచేయడం లేదని ఫైళ్లు పోయాక గానీ ఎవరికీ తెలియలేదు.