సంపులో ఖాళీ ఉంచండి

సొంతూళ్లో ఇల్లున్నవారికి సంపు గురించి చెప్పనక్కర్లేదు. కింద సంపు, మధ్యలో మోటారు, మేడ మీద ట్యాంకు. అమెరికాలో అక్వేరియం పెట్టుకున్న మనవాళ్లు కొందరు అక్రిలిక్ షీట్లు కోసి చేసుకుంటున్న సంపూ ఇలాంటిదే. చేపల తొట్టి నుంచి పొర్లిన నీరు కింది పెట్టెలో శుభ్రపడి, పంపుతో మళ్లీ పైకి వెళ్తుంది.

తేడా ఒక్కటే. కరెంటు పోయినా మేడ మీది నీళ్లు సంపులోకి తిరిగి రావు. చేపల తొట్టి నీళ్లు వస్తాయి. పంపు ఆగాక, నీటిలో మునిగి ఉన్న గొట్టమే వాటిని కిందికి లాగుతుంది. 75 గ్యాలన్ల తొట్టి సాధారణంగా 48 అంగుళాల పొడవు, 18 అంగుళాల వెడల్పు ఉంటుంది. అందులో రెండంగుళాల నీరు దిగినా దాదాపు 28 లీటర్లు. సంపులో అంత ఖాళీ లేకపోతే తడిసేది మన కార్పెట్టే కాదు, కింది ఫ్లాటు సీలింగు కూడా.

అందుకే అతుకుల నునుపు కన్నా ఆ ఖాళీయే ముఖ్యమంటాను. గొట్టం మూతిని నీటి మట్టానికి దగ్గరగా అమర్చండి. మట్టానికి కాస్త కింద గొట్టానికి చిన్న రంధ్రం పెట్టి, నాచు పట్టకుండా చూడండి. వాల్వు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. సంపును ముందు బాత్‌టబ్‌లో నింపి ఒక రోజంతా ఉంచండి. అన్నీ బిగించాక, చేపలను వదలకముందే పంపు ప్లగ్ పీకి చూడండి. నీళ్లు సంపు అంచు దాటకపోతేనే మీ పని పూర్తయినట్టు.